క్వాంటమ్ గ్రావిటీకి గెలాక్సీ అంత యంత్రం అక్కర్లేదు, ముందు లీప్ సెకన్లు సరిచూసుకోండి

అడిగింది ఇదీ: "అమలాపురంలో బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. క్వాంటమ్ గ్రావిటీని పరీక్షించాలంటే గెలాక్సీ అంత యంత్రం కావాలట. మరి ఎప్పటికీ రుజువు దొరకదా? ఇంట్లో కూర్చుని చేయగలిగిందేమైనా ఉందా?"

క్వాంటమ్ గ్రావిటీ అంటే గురుత్వాన్ని కూడా క్వాంటమ్ సూత్రాల్లో ఇమిడ్చే ప్రయత్నం. ఆ గెలాక్సీ మాట వినీ వినీ విసుగొచ్చిందండి. అలాగని అబద్ధమూ కాదు. గురుత్వంలో క్వాంటమ్ ప్రభావాలు బాహాటంగా కనపడాల్సిన ప్లాంక్ శక్తి 1.22×10¹⁹ గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, కణాలను ఢీకొట్టించే పెద్ద యంత్రం ఎల్‌హెచ్‌సీ అందుకునేది 13,600. దాదాపు తొమ్మిది కోటికోట్ల రెట్ల తేడా. కానీ ఢీకొట్టి చూడటం ఒక్కటే దారా? క్వాంటమ్ గ్రావిటీ ఊహల్లో కొన్నింటి ప్రకారం ఎక్కువ శక్తి గల కాంతి కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఒక్కో అడుగులో లెక్కకు రానంత చిన్నదైన ఆ తేడాను వందల కోట్ల ఏళ్ల ప్రయాణంలో పోగుచేసి చూడొచ్చు. ఆ పని ఎప్పుడో జరిగింది, ఒక జవాబు కూడా వచ్చింది. "రుజువులే లేని సబ్జెక్టు" అనేవాళ్లు ఆ జవాబు చదివి ఉండరని నా నమ్మకం.

అంబాజీపేట మార్కెట్ నుంచి రెండు కొబ్బరి లారీలు బయల్దేరాయనుకోండి. ఒకటి ఆలస్యంగా చేరింది. దారిలో నెమ్మదిగా నడిచిందా, లోడింగే ఆలస్యమైందా? దిగిన చోట నిలబడి చూస్తే తెలియదు. ఈ రంగంలో తలనొప్పంతా ఇదే. 2005 జులైలో మార్కేరియన్ 501 అనే గెలాక్సీ నుంచి వచ్చిన మెరుపులో ఎక్కువ శక్తి గల గామా కిరణాలు సుమారు 4 నిమిషాలు ఆలస్యంగా అందాయని మ్యాజిక్ టెలిస్కోపు చూపించింది. అది దారి మహిమా, లోడింగ్ ఆలస్యమా అన్నది ఆ ఒక్క మెరుపుతో తేలే సంగతి కాదు. రకరకాల దూరాల నుంచి వచ్చిన లారీలను చూడాలి. దూరంతో పాటు ఆలస్యమూ పెరిగితేనే తప్పు దారిది.

లోడింగ్ గొడవను చాలావరకు పక్కన పెట్టగలిగిన కేసు ఒకటుంది. 2009 మే 10, ఆదివారం, మన టైములో ఉదయం 5:52. ఫెర్మీ ఉపగ్రహానికి జీఆర్‌బీ 090510 అనే పొట్టి గామా విస్ఫోటనం తగిలింది. విశ్వం సాగడం వల్ల దారిలో కాంతి ఎంత సాగిందో చెప్పే రెడ్‌షిఫ్ట్ 0.903, అంటే 700 కోట్ల ఏళ్లకు పైబడిన ప్రయాణం. ట్రిగ్గర్ పడ్డాక, అంటే ఉపగ్రహం విస్ఫోటనాన్ని గుర్తించిన క్షణం నుంచి, 0.829 సెకన్లకు 31 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ ఒకటి వచ్చింది. విస్ఫోటనం తొలి వెలుగు ట్రిగ్గర్‌కు 0.03 సెకన్ల ముందు. కాబట్టి ఆ ఫోటాన్ తొలి వెలుగుతోనే బయల్దేరిందని ఒప్పుకున్నా, దారిలో పోగొట్టుకున్న కాలం 0.86 సెకన్లకు మించదు.

ఇప్పుడు కాగితం తీయండి. కాంతి వేగం శక్తితో పాటు నేరుగా తగ్గుతుందనీ, ఆ తగ్గుదలకు కొలబద్ద ప్లాంక్ శక్తేననీ అనుకుందాం. 31ని ప్లాంక్ శక్తితో భాగిస్తే 2.54×10⁻¹⁸. విశ్వం సాగే వేగాన్ని చెప్పే హబుల్ స్థిరాంకం 70 అయితే, దాని విలోమమైన హబుల్ కాలం 4.41×10¹⁷ సెకన్లు. మూడోది ఒక సమాకలనం: పైన (1 + రెడ్‌షిఫ్ట్), కింద √(0.3×(1 + రెడ్‌షిఫ్ట్)³ + 0.7), హద్దులు 0 నుంచి 0.903. సింప్సన్ సూత్రంతో మూడు బిందువులు చాలు, 1.01 వస్తుంది. మూడూ గుణిస్తే 1.13 సెకన్లు. శక్తి కొలతలో పొరపాటుందేమోనని 31 బదులు 28 వేసినా 1.02. రావాల్సిన ఆలస్యం ఇంత, ఇవ్వగలిగింది 0.86. అంటే ఆ ఫోటాన్ పేలుడు మొదలవకముందే బయల్దేరి ఉండాలి. కాయ కోయకముందే లారీ కదిలినట్టు!

చాలామంది తప్పు చేసేది పైనున్న (1 + రెడ్‌షిఫ్ట్) దగ్గర. అది వదిలేస్తే సమాకలనం 0.715కి పడిపోతుంది, ఆలస్యం 0.80 సెకన్లవుతుంది. 0.86 కంటే తక్కువే కాబట్టి "ఇబ్బందేం లేదు" అని తీర్పు తిరగబడిపోతుంది. అది ఎందుకుండాలంటే, బయల్దేరినప్పుడు ఫోటాన్ శక్తి ఎక్కువ కనుక మొదట్లోనే ఎక్కువ వెనకబడుతుంది, ఆ వెనకబాటు కూడా విశ్వంతో పాటు సాగుతుంది. ఫార్ములా బట్టీ కొట్టించి ర్యాంకులు తెప్పించే చోట ఈ కారణం చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు, అది వేరే ఏడుపు.

లెక్కతో ఆగక్కర్లేదు. ఫెర్మీ డేటా అందరికీ ఉచితం. ఆకాశంలో ఆ విస్ఫోటనం చోటు కుడి ఆరోహణం 333.55, దిక్పాతం −26.58 డిగ్రీలు, చుట్టూ 10 డిగ్రీలు, కనీస శక్తి 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు అని అడగండి. ఈవెంట్ క్లాసు 'సోర్స్' కాదు, పొట్టి విస్ఫోటనాలకు 'ట్రాన్సియెంట్' రకం తీసుకోవాలి. వచ్చే ఫిట్స్ ఫైలును (ఖగోళ డేటా దాచే ఫార్మాట్) పైథాన్‌లో ఆస్ట్రోపై అనే లైబ్రరీ చదివిపెడుతుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు.

దెబ్బ తినేది టైము దగ్గర. ఫెర్మీ గడియారం 2001 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. ట్రిగ్గర్ 00:22:59.97, అదీ యూనివర్సల్ టైములో. మన టైము వేస్తే 19,800 సెకన్లు అవతల తేలతారు. ఆ రోజుకి 3,051 రోజులు, రోజుకి 86,400 చొప్పున గుణించి 1379.97 కలిపితే 263607779.97. ఇక్కడితో ఆపితే తప్పే. భూభ్రమణంతో గడియారాలను సరిపెట్టడానికి అప్పుడప్పుడూ కలిపే లీప్ సెకన్లు 2005 చివర ఒకటి, 2008 చివర ఒకటి కలిశాయి. సరైన అంకె 263607781.97. మీరు వెతికే ఫోటాన్ ఒక్క సెకనులోపే ఉంది, మీరు రెండు సెకన్లు పక్కన చూస్తుంటారు!

గడియారం తప్పుతో ప్రపంచమంతా గోలెత్తిపోయిందీ ఉంది. 2011లో ఒపెరా ప్రయోగంలో న్యూట్రినోలు 730 కిలోమీటర్లకు 60 నానోసెకన్లు ముందొచ్చాయన్నారు. చివరికి తేలిన ప్రధాన కారణం సరిగా బిగించని ఆప్టికల్ ఫైబర్ కేబుల్. "ఐన్‌స్టీన్ ఓడిపోయాడు" అని ఊదరగొట్టిన ఛానళ్లలో ఎన్ని ఆ కేబుల్ సంగతి చెప్పాయి?

090510 ఫలితంతో క్వాంటమ్ గ్రావిటీకి పోటీపడే స్ట్రింగ్ సిద్ధాంతమో, లూప్ సిద్ధాంతమో చచ్చిందని మాత్రం రాయకండి. పోయింది నేరుగా తగ్గే ఆ ఒక్క రకం. 2022 అక్టోబరు 9 నాటి జీఆర్‌బీ 221009ఏలో 64,000కు పైగా ఫోటాన్లు పట్టిన చైనా వాళ్ల గామా కిరణాల వేధశాల లాసో, ఆ రకం మొదలవగల శక్తి హద్దును ప్లాంక్ శక్తికి 10 రెట్ల పైకి నెట్టింది. శక్తి వర్గంతో తగ్గే రకానికి ఇంకా బోలెడు చోటుంది.

బల్లమీద చేసే దారి ఇంకోటుంది, నా ఓటు దానికే. 2017లో సౌగతో బోస్ బృందం, విడిగా మార్లెట్టో, వెడ్రల్ ప్రతిపాదించారు. 10⁻¹⁴ కిలోల వజ్రపు రేణువులు రెండు తీసుకుని ఒక్కోదాన్ని ఏకకాలంలో రెండు చోట్ల, 250 మైక్రాన్ల ఎడంలో ఉంచాలి. వాటిని 200 మైక్రాన్ల కంటే దగ్గరికి రానివ్వకూడదు, వస్తే చాలా దగ్గరి వస్తువుల మధ్య పుట్టే కాసిమిర్ బలం గురుత్వాన్ని మింగేస్తుంది. 2.5 సెకన్లలో గురుత్వం వల్ల వాటి క్వాంటమ్ తరంగాల దశ 0.8 రేడియన్ల దాకా మారుతుంది. దాంతో రెండూ చిక్కుపడితే (ఎంటాంగిల్‌మెంట్, రెండిటి స్థితులూ విడదీయలేనంతగా ముడిపడటం) గురుత్వమూ క్వాంటమే. కానీ 2019 నాటికి అలా రెండు దారుల్లో నడిపించిన పెద్ద అణువు 25,000 డాల్టన్లు (ఒక డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు), కావాల్సిన దానికంటే 24 కోట్ల రెట్లు తేలిక. మరోవైపు 2021లో వియన్నాలో గురుత్వం కొలిచిన బుల్లి బంగారు గోళాలు 90 మిల్లీగ్రాములు, అంటే 900 కోట్ల రెట్లు బరువు. రెండు గట్ల నుంచీ వంతెన కడుతున్నారు, నడిమి ఏరు ఇంకా అలాగే ఉంది.

మీరైతే 090510తోనే మొదలెట్టండి. పేరు పెద్దదని ఫెర్మీ డేటాలో 221009ఏ జోలికి వెళ్లకండి. వెలుగు మరీ ఎక్కువై డిటెక్టర్లు ఉక్కిరిబిక్కిరయ్యాయి, అసలు ఘట్టం దగ్గరే డేటా పనికిరాదు.