గేటు తాళం నీ దగ్గరే ఉంచుకో తల్లీ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ఫేస్‌బుక్ కంపెనీ మెటా నడిపే థ్రెడ్స్‌ను మీ మాస్టడాన్ సర్వర్‌తో కలవనివ్వాలా, ముందే బ్లాక్ చేసేయాలా అని అడిగావు. మాస్టడాన్ ట్విట్టర్ లాంటిదే, కానీ ఒక్క కంపెనీది కాదు; నీలాంటి వాళ్లు ఎవరి సర్వర్ వాళ్లు నడుపుతూ, ఒకరితో ఒకరు కలుపుకుంటారు. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. రానివ్వు. కానీ వాళ్ల కోసం నీ సర్వర్‌లో ఒక్క నియమం కూడా మార్చకు.

నీ టెన్షన్ నాకు అర్థమైంది. 2023 జూన్‌లో, థ్రెడ్స్ ఇంకా మొదలవకముందే, ఇలాంటి సర్వర్లు నడిపే చాలామంది అడ్మిన్లు మెటాను బ్లాక్ చేస్తామని ఒక మాట మీదకు వచ్చి సంతకాలు పెట్టారు. వాళ్లది చాదస్తమని నేను అనను. గూగుల్ వాళ్ల చాట్ సర్వీసు గూగుల్ టాక్ కథ వాళ్లకు గుర్తుంది. ఎక్స్‌ఎంపీపీ అనే పద్ధతిలో నడిచే చిన్న చిన్న చాట్ సర్వర్లతో అది 2006లో కలిసింది. ఎవరి సర్వర్ వాళ్లదే, అయినా అందరూ అందరితో మాట్లాడుకోవచ్చు. ఎంత బాగుండేదో! 2013లో దాని బదులు హ్యాంగవుట్స్ తెచ్చినప్పుడు ఆ తలుపు మూసేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య.

అయితే ఆ కథలో నేను నేర్చుకున్నది వేరు. వాళ్లు రావడం వల్ల నష్టం జరగలేదు. నీ స్నేహితుల్లో పదిమందికి తొమ్మిదిమంది అటే ఉన్నప్పుడు ఆ పెద్దవాళ్లు తలుపు మూసేస్తే, పాడైనది నీ సర్వరే అనిపిస్తుంది. నష్టం అక్కడుంది. కాబట్టి ఎవరొచ్చారని కాదు, నీ వాళ్ల మాటలు ఎక్కువ ఎటు పోతున్నాయో చూసుకో. మీలో మీకూ, మిగతా చిన్న సర్వర్లతోనూ రాకపోకలు తగ్గుతుంటే ముందు అది సరిచెయ్యి.

మరి రానివ్వడం ఎందుకంటావా? 2019 నవంబర్ గుర్తుందా? సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ అకౌంట్‌ను సస్పెండ్ చేశారని మన దేశంలో ఎంతోమంది మాస్టడాన్‌కు వచ్చారు. నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన వాళ్లలో చాలామంది నెల తిరగకుండానే వెళ్లిపోయారు. ఇక్కడ బాగోలేక కాదు, మాట్లాడాల్సిన మనుషులు ఇక్కడ లేక. ఇలా వేర్వేరు సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి యాక్టివిటీపబ్, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా 2018లోనే అయింది. పెద్ద కంపెనీలు అప్పుడే కలిసి ఉంటే ఆ జనం స్నేహితుల్ని వదులుకోకుండానే ఇల్లు మారగలిగేవాళ్లు. అందుకే పెద్దవాళ్లు కలవాల్సిందే అంటాను. కలిసినందుకు వాళ్లకు మనం రుణపడక్కర్లేదు. అక్కడున్న మనుషులకు బయటివాళ్లతో మాట్లాడే హక్కు ఉంది, అంతే. ఆ హక్కులో వెళ్లిపోయే దారి కూడా ఉండాలి. మాస్టడాన్‌లో సర్వర్ మారితే పాత పోస్టులు రావు కానీ ఫాలోవర్లు వెంట వస్తారు. పెద్దవాళ్లు కూడా కనీసం ఆ పాటి ఇస్తేనే నిజంగా కలిశారని ఒప్పుకుంటాను.

ఇక పని సంగతి. కోపంలో ఎప్పుడూ సస్పెండ్ నొక్కకు, అది అవతలి సర్వర్‌తో సంబంధం మొత్తం తెంచేస్తుంది. ఒకసారి నేను నొక్కాను. ఒక పెద్ద సర్వర్ నుంచి రెండు రోజులు వరసగా చెత్త వస్తుంటే అర్ధరాత్రి చిరాకులో ఆ సర్వర్‌నే తీసేశాను. తెల్లారేసరికి మా వాళ్లకు అక్కడున్న స్నేహితులందరూ తెగిపోయారు. సస్పెన్షన్ ఎత్తేశాను కానీ తెగిన ఫాలోలు వాటంతటవి అతుక్కోవు. ఒక పెద్దావిడ, అమెరికాలో ఉన్న మనవడి పోస్టులు ఆగిపోయాయేమిటని వారం పాటు అడుగుతూనే ఉంది. ఆమెకు నా తప్పే అని చెప్పడం నాకు చాలా కష్టమైంది.

కాబట్టి థ్రెడ్స్‌కు ముందు లిమిట్ అనే సెట్టింగ్ పెట్టు. అప్పుడు అటువాళ్ల పోస్టులు, వాళ్లను ఫాలో అయినవాళ్లకే కనిపిస్తాయి, అందరి టైమ్‌లైన్‌లో పడవు. మనవాళ్లను ఫాలో అవ్వాలంటే అటువాళ్లు అనుమతి అడగాలి. మూడు నెలలు అలా నడిపి చూడు. అవతలి ఫొటోలు, వీడియోలు నీ డిస్క్‌లోనూ చేరతాయి కాబట్టి పాత కాపీలు ఎన్ని రోజులకు చెరిగిపోవాలో ముందే సెట్ చెయ్యి. రిపోర్టులు చూడటానికి ఇంకో ఇద్దరిని తోడు పెట్టుకో. ఒక్కదానివే నెత్తిన వేసుకోవద్దు.

వీటన్నిటికంటే ముందు నీ సర్వర్‌లో ఉన్న నూట ఇరవై మందినీ అడుగు. వేధింపులు పడలేక పెద్ద ప్లాట్‌ఫామ్‌లు వదిలేసి నీ దగ్గరికి వచ్చిన ఆడపిల్లలు ఉన్నారని చెప్పావు కదా, వాళ్ల మాట నా మాట కంటే బరువైనది. తమ వరకు థ్రెడ్స్ మొత్తాన్నీ బ్లాక్ చేసుకోవచ్చని, అది సెట్టింగ్స్‌లో ఎక్కడుందో స్క్రీన్‌షాట్లతో తెలుగులో చూపించు. అయినా వాళ్లకు భయం తీరకపోతే గేటు మూసే ఉంచు, నేనేమీ అనుకోను.

ఆదివారం పొద్దున పోస్టు పెట్టు, వారం గడువివ్వు. సెట్టింగ్ మార్చే ముందు బ్యాకప్ తీసుకో. ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చెయ్యి, ఏ టైమైనా పర్వాలేదు. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

మీ మామయ్య