పాఠం విని వచ్చిన పాప నెల డబ్బు అడుగుతోంది

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. క్రెడిట్ యూనియన్ (పొదుపు, అప్పుల సహకార సంఘం) వాలంటీర్లు వాళ్ల స్కూలుకు వచ్చి డబ్బు ఎలా వాడుకోవాలో కొన్ని వారాలు చెప్పారు. అప్పటి నుంచి పాకెట్ మనీ అడిగినప్పుడల్లా కాకుండా నెలకోసారి మొత్తం ఇచ్చేయమంటోంది. ఖాతా తెరిచే ఫారం కూడా తెచ్చింది. ఇదంతా ఖాతాలు పెంచుకోవడానికేనా అని నా అనుమానం. ఏం చేయమంటారు?

జవాబు: నెల డబ్బు ఇవ్వండి. ఆ తరగతుల్లో తరచూ చేయించే పని ఒకటుంది. పిల్లలకు తలో ఉద్యోగం, జీతం కాగితం మీద ఇచ్చి అద్దె, ప్రయాణం, తిండి, సరదాలు అన్నీ అందులోనే సర్దుకోమంటారు. నెలాఖరు రాకముందే జీతం అయిపోవడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ అది కాగితం డబ్బు. పోయినా బాధ ఉండదు. మీ పాప అడుగుతున్నది నిజం డబ్బుతో అదే పని చేసే అవకాశం.

మొదట్లో రెండు వారాలకోసారి ఇవ్వండి, అలవాటయ్యాక నెలకు మార్చండి. దేనికి ఆ డబ్బు వాడాలి, దేనికి మీరు విడిగా ఇస్తారు అన్నది ముందే మాట్లాడుకుని రాసుకోండి. మూడో రోజుకే అయిపోయిందని వస్తే దయచేసి మళ్లీ ఇవ్వకండి, తిట్టకండి కూడా. ఇది తల్లికి కష్టమే, నాకు తెలుసు. అయినా ఇప్పుడు చిన్న మొత్తంతో చేసే తప్పు, రేపు క్రెడిట్ కార్డుతో చేసే తప్పు కంటే ఎంతో చవక. ఆ తేడా పాపకు లెక్కతోనే చూపించండి. 72ను ఏడాది చక్రవడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము రెట్టింపయ్యే ఏళ్లు సుమారుగా వస్తాయి. 6 శాతం వడ్డీకి దాచింది 12 ఏళ్లకు రెట్టింపవుతుంది. 24 శాతానికి తీసుకుని తీర్చని అప్పు 3 ఏళ్లకే అవుతుంది.

ఇక మీ అనుమానం. అందులో తప్పేమీ లేదు. క్రెడిట్ యూనియన్‌కు సభ్యులే యజమానులు. డిపాజిట్ ఎంతున్నా మనిషికి ఒకే ఓటు. ఒకరు దాచింది ఇంకొకరికి అప్పుగా వెళ్తుంది. సభ్యులు పెరగాలని వాళ్లకూ ఉంటుంది, అంతమాత్రాన చెప్పిన పాఠం చెడ్డదైపోదు. పాఠం విన్నందుకు ఖాతా తెరవాల్సిన పని లేదు.

తెరవాలనుకుంటే మాత్రం కనీస నిల్వ ఎంత, ఏయే ఫీజులు పడతాయి, డిపాజిట్‌కు బీమా ఉందా, పాప పేరు మీది డబ్బు ఎవరు తీయొచ్చు అనేవి అడగండి. అడిగేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. నిజానికి మొదటి ప్రశ్న ఆమెనే అడగనివ్వండి.