అబార్షన్‌కి భర్త సంతకం కావాలా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి ఏడాదిన్నర. మాత్రలు వాడుతూనే ఉన్నా మళ్లీ నెల తప్పింది. స్కానింగ్‌లో 8 వారాలన్నారు. నాకు ఈ కాన్పు వద్దు. ఒంట్లో ఓపిక లేదు, చేతిలో డబ్బూ లేదు. మా ఆయన, అత్తయ్య మాత్రం ఈసారి మగపిల్లాడే అని పట్టుబట్టారు. నర్సింగ్‌హోమ్‌కి వెళితే భర్త సంతకం లేకపోతే చేసేది లేదన్నారు. కు.ని. ఆపరేషన్ అడిగినా అదే మాట. నేనే చేయించుకుంటే కేసు పెడతానని మా ఆయన అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. నాకేమైనా దారి ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. మీకు కావలసిన సంతకం ఒక్కటే, అది మీదే.

అబార్షన్‌కి సంబంధించిన చట్టం 1971లో వచ్చింది. ఎంటీపీ చట్టం అంటారు. 18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె అంగీకారం ఉంటే చాలని అందులోని 3వ సెక్షన్ చెబుతోంది. మైనరైతేనో, మానసిక అనారోగ్యం ఉంటేనో గార్డియన్ సంతకం అడుగుతారు. అంతకుమించి భర్త, అత్త, తండ్రి ఎవరి ప్రస్తావనా లేదు. ఆసుపత్రిలో మీచేత సంతకం చేయించే కాగితం 'ఫారం సి'. ఒకసారి అడిగి తీసుకుని చదవండి. పైన మీ పేరు, ఫలానావారి కుమార్తె లేదా భార్య అని రాసే గీత, వయసు, చిరునామా. కింద మీ సంతకం. మైనర్ల కోసం గార్డియన్ నింపే భాగం విడిగా ఉంటుంది. భర్త సంతకానికి అందులో చోటే లేదు.

మాత్రలు వాడినా గర్భం వచ్చిందన్నారు. అది కూడా చట్టం ఒప్పుకున్న కారణమే. 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 2021 సవరణలో 'వివాహిత లేదా ఆమె భర్త' అన్న మాటలు తీసేసి 'ఏ స్త్రీ అయినా లేదా ఆమె భాగస్వామి' అని మార్చారు కాబట్టి పెళ్లికాని అమ్మాయిలకూ ఇదే వర్తిస్తుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఒక 25 ఏళ్ల అవివాహిత కేసులో తీర్పు ఇస్తూ, కుటుంబ సభ్యుల అంగీకారం తెమ్మనడం, చట్టంలో లేని కాగితాలు అడగడం డాక్టర్లు మానుకోవాలని స్పష్టంగా చెప్పింది. అయినా అడుగుతూనే ఉన్నారు. రేపు బంధువులొచ్చి గొడవ చేస్తారేమోనని వాళ్ల భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ దాని బరువు మోయాల్సింది మీరు కాదు. ఇక్కడ గడిచే ప్రతి వారమూ మీ ఒంటి మీదే పడుతుంది.

ఇక కేసు సంగతి. పంజాబ్-హర్యానాలో ఒక భర్త తన అంగీకారం లేకుండా భార్య అబార్షన్ చేయించుకుందని ఆమె మీద, డాక్టర్ల మీద నష్టపరిహారం దావా వేశాడు. 2011లో హైకోర్టు అది చెల్లదంది. 2017లో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. చట్టప్రకారం, గుర్తింపు ఉన్న చోట చేయించుకున్నప్పుడు అది నేరం కాదు. పోలీసు కేసు నిలవదు.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. 2007లో సమర్ ఘోష్ విడాకుల కేసులో సుప్రీంకోర్టు, వైద్య కారణం లేకుండానో, భర్త అంగీకారం గానీ ఎరుక గానీ లేకుండానో అబార్షన్ చేయించుకోవడం మానసిక క్రూరత్వం కిందకి రావచ్చని అంది. విడాకుల కేసుల్లో భర్తల తరఫు లాయర్లు ఈ వాక్యం పట్టుకొస్తారు. అది అబార్షన్‌ని ఆపే ఉత్తర్వు కాదు, 'రావచ్చు' అన్న మాటే. మీరు మీ ఆయనకు తెలియకుండా ఏమీ చేయడం లేదు. అందుకే మీ ఆరోగ్యం గురించి డాక్టరు రాసిన కేస్‌షీటు, స్కానింగ్ రిపోర్టు, ఆయనతో ఈ విషయం మాట్లాడిన వాట్సాప్ మెసేజీలు ఉంటే అవి, జాగ్రత్త చేసుకోండి. పుట్టింట్లో ఉంచితే ఇంకా మంచిది.

కు.ని. ఆపరేషన్‌కీ అంతే. కేంద్ర ఆరోగ్యశాఖ ప్రమాణాల ప్రకారం పెళ్లై, 22 నుంచి 49 ఏళ్ల మధ్య ఉండి, ఏడాది దాటిన బిడ్డ ఒక్కరున్నా చాలు. భర్త అంగీకారం అక్కర్లేదని అందులోనే రాశారు. మీకు అన్నీ సరిపోతున్నాయి. అయితే ఆపరేషన్‌కి ఒప్పుకుంటేనే అబార్షన్ చేస్తామని ఎవరైనా మెలిక పెడితే ఒప్పుకోవద్దు. రెండూ వేర్వేరు నిర్ణయాలు. నిన్నమొన్నటిదాకా ఇద్దరు చాలన్న ప్రభుత్వం, ముగ్గురుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడనివ్వలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన ఎత్తేసింది, ఇప్పుడు నాయకులు ఎక్కువమందిని కనమంటున్నారు. వాళ్ల లెక్కలు మారుతుంటాయి. కనేది మాత్రం మీరు.

ఒక్క విషయంలో జాగ్రత్త. 'మగపిల్లాడు' అన్న మాట ఇంట్లో నడుస్తోంది కనుక, ఎవరు బలవంతపెట్టినా ఆడో మగో తెలుసుకునే స్కానింగ్‌కి వెళ్లకండి. అది నేరం. మందుల షాపులో అబార్షన్ మాత్రల కిట్ కొని సొంతంగా వేసుకోవడమూ వద్దు. 9 వారాల లోపైతే డాక్టరు పర్యవేక్షణలో మాత్రలతోనే అయ్యే అవకాశం ఉంది, మీకు టైమ్ తక్కువ ఉంది.

రేపే మీ దగ్గర్లోని ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో వెళ్లండి. అక్కడా సంతకం అడిగితే 'ఆ మాట కాగితం మీద రాసివ్వండి' అనండి. చాలాచోట్ల అక్కడితో మెత్తబడతారు. లేదంటే సూపరింటెండెంట్‌కి, ఆపైన జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి (డీఎంహెచ్‌ఓ) అర్జీ ఇవ్వండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని పెడతారు, నంబరు 15100. మీ ఆయన చేయి చేసుకున్నా, ఇంట్లోంచి కదలనివ్వకపోయినా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, గృహహింస చట్టం కింద రక్షణ అడగొచ్చు. ఆసుపత్రి వాళ్లు మీ పేరు బయటపెట్టకూడదు. పెడితే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. వెళ్లేటప్పుడు అమ్మనో, అక్కనో తోడు తీసుకెళ్లండి, సంతకం కోసం కాదు, ధైర్యం కోసం.