సైలెన్సర్, దుర్బీను, విడి బ్యారెల్: లైసెన్స్ ఎక్కడ మొదలవుతుంది?

తుపాకీకి లైసెన్స్ కావాలని అందరికీ తెలుసు. తుపాకీకి తగిలించేవి, తుపాకీ నుంచి ఊడదీసినవి ఏ లెక్కలోకి వస్తాయన్న దగ్గరే తికమక. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి గురించే.

ప్రశ్న: కోతుల బాధ పడలేక 0.177 బోరు ఎయిర్‌గన్ కొన్నాను. చప్పుడుకు పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారు. దానికి బిగించే సైలెన్సర్, దుర్బీను (గురి చూసే స్కోప్) ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. గన్‌కే లైసెన్స్ అక్కర్లేనప్పుడు వీటికి ఎందుకు కావాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సైలెన్సర్ కొనకండి. దుర్బీను సంగతి వేరు.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2 ప్రకారం మందుగుండుతో పేలేదే కాదు, వేరే ఏ రకమైన శక్తితో గుండును వదిలేదైనా ఫైర్‌ఆర్మే. గాలి ఒత్తిడి కూడా ఆ శక్తి కిందికే వస్తుంది. అంటే మీ ఎయిర్‌గన్ నిర్వచనం బయట లేదు, లోపలే ఉంది. బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, 4.5 మిల్లీమీటర్లు (అంగుళాల్లో 0.177), శక్తి 20 జౌళ్లు దాటనందువల్ల లైసెన్స్ నుంచి మినహాయింపు దొరికింది, అంతే. అదే సెక్షన్, కాల్చినప్పుడు వచ్చే చప్పుడును గానీ మెరుపును గానీ తగ్గించడానికి తయారుచేసిన, లేదా అందుకు అనువుగా మార్చిన ఉపకరణాలను కూడా ఫైర్‌ఆర్మ్‌గానే లెక్కగట్టింది. గన్‌కు ఉన్న మినహాయింపు దాని సైలెన్సర్‌కూ వర్తిస్తుందని మీ వకీలు వాదించవచ్చు. మినహాయింపు బోరును, శక్తిని బట్టి ఇచ్చింది కాబట్టి బోరూ శక్తీ లేని గొట్టానికి అది వర్తించదని అవతలివాళ్లూ వాదించవచ్చు. రెండు వాదనల్లోనూ బలముంది. ఆ సందేహం తేలేలోపు కేసు మీ మీద నడుస్తుంది. లైసెన్స్ లేకుండా ఫైర్‌ఆర్మ్ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా ఉంది. ‘మోడరేటర్’ అనో, శుభ్రం చేసే కిట్ అనో పేరు మార్చి అమ్మినా చట్టం చూసేది వస్తువు చేసే పనినే.

దుర్బీను చప్పుడునూ తగ్గించదు, మెరుపునూ తగ్గించదు. అది లేకున్నా గన్ పనిచేస్తుంది కాబట్టి ‘భాగం’ అనడమూ కష్టం. చిక్కంతా విదేశం నుంచి తెప్పించినప్పుడే. కస్టమ్స్ సుంకాల పట్టికలో ఆయుధాలు 93వ అధ్యాయంలో ఉంటాయి. విడిగా వచ్చిన దుర్బీనును ఆ అధ్యాయం తనలో కలుపుకోదు, అది 90వ అధ్యాయంలోని 9013 కిందికి పోతుంది. తుపాకీకి బిగించి గానీ, తుపాకీతో కలిపి గానీ వస్తే మాత్రం 93లోకే. పార్సిల్ మీద అమ్మినవాడు ‘గన్ పార్ట్స్’ అని రాస్తే అక్కడే ఆగిపోతుంది. వస్తువు పేరు, మోడల్ ఉన్నదున్నట్టు రాయించండి. ఇక్కడి దుకాణంలో బిల్లు మీద కొనడం అంతకన్నా సులువు.

ఇంకో మాట. మీ గన్ బిల్లు మీద శక్తి జౌళ్లలో ఉందో లేదో చూడండి. అర గ్రాము గుండు సెకనుకు 280 మీటర్ల వేగంతో వెళితే 19.6 జౌళ్లు. అదే వేగంతో 0.55 గ్రాముల గుండు వెళితే 21.5 దాటుతుంది. గట్టి స్ప్రింగ్ వేయించినా ఇదే ప్రమాదం, మినహాయింపు అక్కడితో పోతుంది. కోతిని గుండుతో కొట్టడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. మీకు కావలసింది వాటిని బెదరగొట్టే చప్పుడే అయితే దాన్ని తగ్గించుకోవడంలో అర్థం లేదు.

ప్రశ్న: మా బాపు పేర 12 బోరు డబుల్ బ్యారెల్ లైసెన్స్ ఉండె. ఆయన పోయిన తర్వాత తుపాకీ ఊడదీసి పెట్టినం. పెట్టెల ఖాళీ తూటాలు కూడా ఉన్నయ్. ముక్కలుగ ఉన్నదానికి ఏమైతది?
– ఒక పాఠకుడు, ములుగు జిల్లా

జవాబు: ముక్కలైనా తుపాకీయే. చట్టం భాగాలను కూడా ఫైర్‌ఆర్మ్‌లోనే చేర్చింది. సెక్షన్ 45లో చిన్న భాగాలకు ఒక మినహాయింపు ఉంది గానీ, వాటికి జోడయ్యే మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం ఉండకూడదు. ఆ భాగాలు మీ దగ్గరున్నా, ఇంకొకరి దగ్గరున్నా ఒకటే. మీ ఇంట్లో జోడు మొత్తం ఉంది. పైగా బ్యారెల్‌ను చిన్న భాగం అని ఎవరూ ఒప్పుకోరు.

సెక్షన్ 21 ప్రకారం వారసులు ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించాలి. డబుల్ బ్యారెల్ ఊడదీస్తే మూడు ముక్కలు: జంట బ్యారెళ్లు, మడమ కట్టెతో ఉన్న యాక్షన్ (ట్రిగ్గర్, పేల్చే యంత్రాంగం ఉన్న భాగం), బ్యారెళ్ల కింద ఎడమచెయ్యి ఆనే చెక్క. మూడూ తీసుకుపోయి, ఒకే రసీదులో నంబర్లతో సహా రాయించుకోండి. ఆ చెక్క ముక్క ఇంట్లోనే మరిచిపోయి, రసీదులో ‘తుపాకీ ఒకటి’ అని ఉంటే, రేపు అది మీ ఇంట్లో దొరికిన భాగం అవుతుంది.

ఖాళీ తూటాల దగ్గర అస్పష్టత నిజంగానే ఉంది. తూటా భాగాలు కూడా తూటాల కిందికే వస్తాయి. ఒక్క ఖాళీ గొట్టం సెక్షన్ 45 కింద గట్టెక్కవచ్చు. పక్కన మందు, ఛర్రాలు, కొత్త క్యాపులు ఉంటే మళ్లీ నింపడానికే అన్న అనుమానం బలపడుతుంది. వాటినీ లెక్కపెట్టి అప్పగించండి. తుపాకీ మీ పేర మార్చుకోవాలంటే మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారంతో మీ జిల్లాలో కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. వరంగల్ కమిషనరేట్ పరిధిలోనైతే పోలీస్ కమిషనర్‌కు.

ప్రశ్న: బ్యాగులో ఎప్పటిదో ఒక్క తూటా ఉండిపోయి విమానాశ్రయంలో పట్టుబడితే?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కేసు పెట్టవచ్చు. నేరం కావాలంటే అది అక్కడ ఉందని మీకు తెలిసి ఉండాలన్నది 1972లోనే సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం. దాని ఆధారంగా ఒంటి తూటా కేసులు కొట్టేసిన తీర్పులున్నాయి. కానీ హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తుంది. పాత బ్యాగు అయితే బయల్దేరే ముందు అరలన్నీ దులిపి చూసుకోండి.

ప్రశ్న: మాది లేత్ మిషన్ పని. ఒకాయన తుపాకీ గొట్టం తెచ్చి మూతి దగ్గర థ్రెడ్ కొట్టమంటున్నడు. మేం కొట్టేది థ్రెడే కదా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: థ్రెడ్ బోల్టుకు కొడితే బోల్టు పని, బ్యారెల్‌కు కొడితే ఆయుధం పని. ఆయుధాల తయారీకీ మరమ్మతుకూ సెక్షన్ 5 కింద వేరే లైసెన్స్ ఉండాలి, గిరాకీ దగ్గరున్న లైసెన్స్ మీకు చెల్లదు. గొట్టం పొట్టిగా కోయడం సెక్షన్ 6 కింద విడి నేరం. 2019 తర్వాత ఈ రెంటికీ కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. భర్మార్ (మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకీ) గొట్టమైనా, తుప్పు పట్టి మూలకు పడేసిందైనా, బాగుచేస్తే పేలుతుందంటే చట్టానికి అది తుపాకీయే. గొట్టాన్ని షాపులో ఒక్క రాత్రి కూడా ఉంచుకోకుండా అప్పుడే తిప్పి పంపించేయండి.