పరారుణ ఫొటోలో స్వరాలు వెలిసిపోతే

13వ శతాబ్దపు చర్చి పాటల ప్రతిని పరారుణ కెమెరాతో తీస్తే స్వరాలన్నీ వెలిసిపోయాయి, ఫొటో పాడయిందా అని అడిగారు. పాడవలేదు. దాన్ని దయచేసి చెరిపేయకండి, ఆ సిరా ఏదో చెప్పే సాక్ష్యం అందులోనే ఉంది.

ఆ కాలపు ఐరోపా లేఖకులు ఎక్కువగా వాడింది మాచికాయ, అన్నభేది (ఒక ఇనుప లవణం) కలిపిన సిరా. మన పెద్దవాళ్లు కరక్కాయతో కాచుకున్న సిరాకు దగ్గరి చుట్టం. కంటికి ఎంత చిక్కగా కనిపించినా, తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఆ నలుపు పలచబడుతుంది. 1000 నానోమీటర్లు దాటాక దాదాపు కనిపించదు. దీపపు మసితో చేసిన సిరా మాత్రం చెక్కుచెదరదు. మన తాటాకు ప్రతుల్లో గంటపు గీతలకు పూసేదీ మసే కాబట్టి వాటిని పరారుణంలో చక్కగా చదవవచ్చు. ఇంగిలీకంతో (ఎర్రటి పాదరస ఖనిజంతో) గీసిన ఎర్ర గీతలైతే అన్నిటికంటే ముందే మాయమవుతాయి.

చదువుకునే రోజుల్లో, ఒక పాత పుస్తకం అట్టలోంచి బయటపడిన చర్మపత్రం మీద నేనూ ఈ పని చేశాను. 850 నానోమీటర్ల దగ్గర చదరంగా రాసిన స్వరాల గుర్తులు నల్లగానే ఉన్నాయి, వాటి సన్నని తోకలు బూడిద రంగుకు దిగాయి. రెండు సిరాలు అని రాసేశాను. అది తప్పు. ఈక కలం ఆగిన చోట సిరా మందంగా నిలిచింది, అంతే. 1050 దగ్గర మళ్లీ తీస్తే తలా తోకా ఒకేలా వెలిసిపోయాయి. అప్పుడు మూడో వరుసలో ఒక ఫ్లాట్ గుర్తు, పక్కనే రెండు స్వరాలు బొగ్గులా మిగిలాయి! మామూలు వెలుతురులో ఆ తేడా నా కంటికి ఆనలేదు. స్వరం ఇక్కడ అరమెట్టు దిగాలని ఎవరో మసి సిరాతో దిద్దుకున్నారు. ఎప్పుడు దిద్దారో సిరా చెప్పదు గానీ, ఆ పాటను పట్టించుకున్న మనిషి చేయి అక్కడ కనిపించింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒకే ప్రతిలో ఇద్దరు లేఖకులు రాసి, ఇద్దరూ మాచికాయ సిరానే వాడి ఉంటే పరారుణం వాళ్లను విడదీయలేదు. అన్నభేదిలో కలిసి వచ్చే రాగి, జింకు పాళ్లను ఎక్స్‌రే ప్రతిదీప్తితో, అంటే ఎక్స్‌రే తగిలినప్పుడు ఆ లోహాలు వెలువరించే కిరణాలతో, పోల్చాలి. గీకేసిన స్వరాలకు అతినీలలోహిత కాంతి మేలు. వేడెక్కే బల్బులు మాత్రం వద్దు, చర్మపత్రం ఎండి మెలితిరుగుతుంది. ఎల్ఈడీలు వాడండి.

మీ ఫొటో ఏ ఫిల్టరుతో తీశారో రాయండి. 850 అయితే, 1000 పైన మరొకటి తీశాకే సిరా పేరు నిర్ణయించండి.