పీణ్యలోని చిన్న యూనిట్‌లో కర్బన లెక్క ఎవరికి, ఎలా నేర్పాలి?

మీది బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో బోల్టులు, బ్రాకెట్లు చేసే యూనిట్. మీ దగ్గర సరుకు కొనే పెద్ద కంపెనీ కర్బన ఉద్గారాల వివరాలు నింపమని ఎక్సెల్ షీటు పంపింది. దీన్ని సిబ్బందికి ఎలా నేర్పాలి, కన్సల్టెంటును పెట్టుకోక తప్పదా అని అడిగారు. పీణ్య, బొమ్మసంద్ర యూనిట్లలో ఈ లెక్క నేర్పడమే కొన్నేళ్లుగా నా పని. మొదటి ఏడాదికి కన్సల్టెంటు అక్కర్లేదు. మీ అకౌంటెంటునూ మెయింటెనెన్స్ చూసే మనిషినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. కావలసిన కాగితాలన్నీ వాళ్లిద్దరి దగ్గరే ఉంటాయి.

కరిగిపోతున్న మంచుకొండల బొమ్మలతో శిక్షణ మొదలుపెట్టకండి. ఏడాది బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) బిల్లులు తీయించండి. అకౌంటెంటు చూపు అలవాటుగా రూపాయల మీదికే పోతుంది, వాడిన కరెంటు యూనిట్లు చూడమనండి. మన గ్రిడ్డులో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. నెలకు 20,000 యూనిట్లు వాడితే 14 టన్నులు. సరైన అంకెను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ విడుదల చేస్తుంది. ఏ సంవత్సరపు అంకె వాడారో పక్కనే రాసిపెట్టాలి. ఉద్గారాల లెక్కను స్కోప్ 1, 2, 3 అని మూడు భాగాలు చేస్తారు. ఇది స్కోప్ 2, అంటే బయట కొన్న కరెంటు.

మీ ఆవరణలో మండేవి, లీకయ్యేవి స్కోప్ 1. జనరేటర్‌లో పోసే డీజిల్‌కు లీటరుకు దాదాపు 2.7 కిలోలు. జనరేటర్ ఇచ్చిన యూనిట్లను మళ్లీ స్కోప్ 2లో కలిపేసేవారు చాలామంది ఉన్నారు, అక్కడ జాగ్రత్త. ఏసీ గ్యాసును మాత్రం దాదాపు అందరూ వదిలేస్తారు. ఆర్-410ఏ గ్యాసు ఒక కిలో గాలిలో కలిస్తే సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏసీ మెకానిక్ గ్యాసు నింపిన ప్రతిసారీ ఎన్ని కిలోలో బిల్లు మీద రాయించుకోండి.

ఇక తగ్గించడం. మెషీన్ షాపులో నేను నేరుగా కంప్రెసర్ దగ్గరికే తీసుకెళ్తాను. భోజన విరామంలో యంత్రాలన్నీ ఆపించి, గాలి లైన్లు తెరిచే ఉంచి, కంప్రెసర్‌ను ఒక్కదాన్నే నడపమంటాను. గాలి ఎవరూ వాడటం లేదు కాబట్టి అది లోడు తీసుకోకూడదు, అంటే మళ్లీ గాలి నింపే పని పడకూడదు. అయినా తీసుకుంటుంది. రెండు నిమిషాలు లోడు, ఆరు నిమిషాలు అన్‌లోడు అయితే కంప్రెసర్ సామర్థ్యంలో పావు వంతు లీకుల్లోనే పోతోందన్నమాట. ఒక షాపులో హిందూపురం నుంచి వచ్చిన సూపర్‌వైజర్ సబ్బునీళ్లలో ముంచిన బ్రష్షుతో ఒక్కో కప్లింగూ తడుముతూ పోయాడు. గ్రైండర్ వెనక పాత పైపు దగ్గర నురగ గుప్పున పొంగింది. “సార్, ఈ చప్పుడు రోజూ వింటూనే ఉన్నాం” అన్నాడు. క్లాంపు బిగించాక కంప్రెసర్ ఎంతసేపటికి లోడుకు వస్తుందో తనే గడియారం పట్టుకుని చూశాడు. ఆ పరీక్ష ఇప్పుడు అక్కడ నెలనెలా జరుగుతోంది, నేను గుర్తుచేయనక్కర్లేదు. అవసరానికి మించి పెట్టిన ప్రెషర్‌ను ఒక బార్ తగ్గించినా కంప్రెసర్ కరెంటు ఆరేడు శాతం తగ్గుతుంది.

మొత్తం టన్నులతో పాటు కిలో సరుకుకు ఎంత పడుతోందో కూడా రాయించండి. ఆర్డర్లు పెరిగితే మొత్తం పెరగడం సహజం. తగ్గుతున్నారో లేదో కిలో లెక్కలోనే తెలుస్తుంది. ఇవేవీ చేయకుండా మొక్కలు నాటి లెక్క సరిచేస్తామనే వాళ్ల మాట వినకండి.

ఇది ఒక్కసారితో పోయే షీటు కూడా కాదు. మార్కెట్ విలువలో మన దేశపు మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం బీఆర్‌ఎస్‌ఆర్ అనే, పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇవ్వాల్సిందే, ఆ ఒత్తిడే మీదాకా వచ్చింది. మీ ఇనుప బోల్టులు ఐరోపాకు వెళ్తుంటే దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కర్బనానికి వెల కట్టే అక్కడి సరిహద్దు కర్బన నిబంధన (సీబీఏఎం) 2026 జనవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది.

మీ ఆవరణ బయట, మీరు కొనే సరుకు తయారీ, రవాణా లాంటి వాటిలో వెలువడేది స్కోప్ 3. అందులో మీకు పెద్దది కొనే ఉక్కు, అల్యూమినియమే. ఆ అంకెల కోసం మీ సరఫరాదారుకు ఇవాళే ఉత్తరం రాయండి, జవాబు రావడానికి నెలలు పడుతుంది. గడువు దగ్గరపడితే స్కోప్ 1, 2 నింపి పంపండి. అంచనా వేసిన గళ్లలో ‘అంచనా’ అని రాసి, స్కోప్ 3 ఎప్పటికి ఇస్తారో తేదీ వేయండి.