ఫాస్టే వేస్తానన్న అమ్ములుకి

అమ్ములూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. బౌలింగ్‌లో నీకు మీడియం పేస్ చాలని క్రికెట్ కోచ్ అంటే, "లేదు సార్, నేను ఫాస్టే వేస్తాను" అన్నావట. అమ్మకు అది పొగరుగా అనిపించింది. నాకు మాత్రం సంతోషంతో రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. తర్వాత నీ నడుము సంగతి గుర్తొచ్చి భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

తిండి, నిద్ర నీకు తెలిసినవే. గుడ్లు మానకు. మంచి స్పైక్ బూట్లు కొనుక్కో, డబ్బు నేను పంపుతాను.

భుజంలో బలముంటే వేగం వస్తుందనుకుంటారు చాలామంది. వేగం పరుగులో పుడుతుంది తల్లీ. సైకిల్ ముందు బ్రేకు గట్టిగా పట్టినప్పుడు వెనక చక్రం లేస్తుంది చూడు, బౌలింగూ అంతే. ముందు కాలు క్రీజులో పడినప్పుడు మోకాలు బిగిసి నిలబడితే, రనప్‌లో కూడిన ఊపంతా నడుము మీదుగా చేతికి, చేతి నుంచి బంతికి చేరుతుంది. మోకాలు కుంగిందా, ఆ ఊపు అక్కడే పోతుంది. దక్షిణాఫ్రికా బౌలర్ షబ్నిమ్ ఇస్మాయిల్ పెద్ద పొడగరి కాదు. అయినా 2024లో మన మహిళల లీగ్ డబ్ల్యూపీఎల్‌లో గంటకు 132.1 కిలోమీటర్ల వేగంతో ఒక బంతి వేసింది. ఆమె ముందు కాలు ఎలా పడుతుందో వీడియో ఆపి ఆపి చూడు.

వైడ్లు పడుతున్నాయని వేగం తగ్గించకు. వేగం ఉన్న పిల్లకు లైన్, అంటే బంతి వెళ్లాల్సిన దారి, నేర్పగలం. లైన్ కోసం నెమ్మదించడం అలవాటైన పిల్లకు మళ్లీ వేగం తెప్పించడం చాలా కష్టం.

ఇక నా భయం. మా టీములో నాతో కొత్త బంతి పంచుకున్న వాడొకడు ఉండేవాడు. అమ్మకు తెలుసు, అడుగు. నేను స్వింగ్ మీద బతికేవాణ్ణి. వాడిది నిజమైన వేగం, వికెట్ కీపర్ అరచేతులు ఎర్రబడేవి. సెలక్షన్స్‌కు ముందు ఎవరో పెద్దమనిషి వాడి బౌలింగ్ యాక్షన్ మార్చాడు, అదీ సగమే. ఛాతీ బ్యాటర్ వైపు తిరిగింది, తుంటి మాత్రం పాతలాగే పక్కకు ఉండిపోయింది. పైభాగం ఒక వైపు, కింది భాగం ఒక వైపు. బంతి బంతికీ నడుము మెలి తిరిగేది. ముందు కాలు పడ్డప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం ఆ వెన్ను మీదే పడుతుంది. కుడిచేతి వాడు కదా, నడుములో ఎడమవైపు నొప్పి మొదలైంది. చెబితే టీములోంచి తీసేస్తారని దాచాడు. నొప్పి మాత్ర మింగి, నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని వేసేవాడు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. కండరం పట్టిందన్నారు. కెప్టెన్ చాప పరిచిన మ్యాటింగ్ వికెట్ మీద మధ్యాహ్నమంతా ఒకే ఎండ్ నుంచి వేయించాడు. వాడి ముఖం చూస్తే నొప్పి ఎవరికైనా తెలుస్తుంది. అయినా బంతి వాడికే ఇచ్చాడు. ఆ కోపం నాకింకా పోలేదు. చివరికి వెన్నుపూసలో చీలిక అని తేలింది. వాడు మళ్లీ ఫాస్ట్ వేయలేదు. ఈరోజుకీ పెళ్లిళ్లలో కింద కూర్చుని భోజనం చేయలేడు.

చీలిక వస్తే అంతా అయిపోయిందని కాదు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీకి 1973లో వెస్టిండీస్‌లో వెన్ను దెబ్బతింటే, ఆగి, కోలుకుని, 1974-75లో ఇంగ్లండ్‌ను వణికించాడు. బుమ్రా వెన్ను గాయంతో 2022 టీ20 ప్రపంచకప్ వదులుకున్నాడు, ఆపరేషన్ చేయించుకున్నాడు. 2024 టీ20 ప్రపంచకప్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అతనే. ఇద్దరూ ఆగారు కాబట్టే తిరిగి రాగలిగారు.

మన హైదరాబాద్ సిరాజ్ 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో ఆఖరి రోజు అట్కిన్సన్‌ను యార్కర్‌తో బౌల్డ్ చేసినప్పుడు నేను ఇంట్లో గట్టిగా అరిచాను. అయితే ఆయనకు అప్పటికి ముప్పై దాటాయి, ఏళ్ల తరబడి గట్టిపడిన ఒళ్లు అది. నీకు పదహారు. నీ వెన్నులో ఎముక గట్టిపడటానికి ఇంకా ఏళ్లు పడుతుంది. అకాడమీ అయ్యాక సాయంత్రం కాలనీ పిల్లలకు మళ్లీ బౌలింగ్ చేస్తున్నావట! బుద్ధి ఉందా? అవీ లెక్కే. నెట్స్‌లోవి, వార్మప్‌లోవి, కాలనీవి అన్నీ నోటుబుక్కులో రాయి. ఒక వారం వేసినదానికి తర్వాతి వారం ఒక్కసారిగా రెట్టింపు చేయకు.

ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగితే నడుములో ఒక పక్క పోటు పొడిచిందా, ఆ రోజే ఆపేయ్. సెలక్షన్స్ ఉన్నా సరే. ఎక్స్‌రేతో సరిపెట్టుకోకుండా ఎంఆర్ఐ తీయించాలి. కోచ్‌కు చెప్పడానికి మొహమాటమైతే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను. ఎంత రాత్రయినా పర్వాలేదు.

ఆడపిల్లకు ఈ కష్టం ఎందుకని అమ్మ బెంగ పడుతోంది. దానితో వాదించకు. మన దేశపు ఫాస్ట్ బౌలర్ ఝులన్ గోస్వామి బెంగాల్‌లోని చక్దహా నుంచి లోకల్ రైల్లో కోల్‌కతాకు ప్రాక్టీసుకు వెళ్లిన సంగతి నేను చెబుతాలే. మన వైజాగ్ ఫాస్ట్ బౌలర్ షబ్నమ్ 2023లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉందని కూడా చెబుతాను.

ఆదివారం ఆరు బంతులు వేసి వీడియో పంపు. పక్క నుంచి, నీ ముందు కాలు స్పష్టంగా కనిపించేలా తీయమను. ఇంకొకటి వెనక నుంచి కావాలి, భుజాలు, తుంటి ఒకే వైపు ఉన్నాయో లేదో నేను చూడాలి.

మీ మావయ్య